ఇంటికీ ఆఫీసుకూ నడుమ పనిగంట

ఇంటినుంచి పనిచేయడం మేలా, ఆఫీసుకు వెళ్ళడం మేలా, కొన్నాళ్ళు ఇక్కడా కొన్నాళ్ళు అక్కడా పనిచేసే హైబ్రిడ్ పద్ధతి మేలా అన్న చర్చ 2020నుంచీ మన మధ్యతరగతి ఇళ్ళలో సాగుతూనే వున్నది. ఈ మూడింటిలో ఏది ఎంచుకుంటే జీవితం సమతూకంగా వుంటుందో చెప్పే సలహాలకు కొదవ లేదు. ఇంట్లో పనికి ఒక మూల కేటాయించుకోమంటారు. పొద్దున్నే కాసేపు నడవమంటారు. సాయంత్రం వేళకు కంప్యూటరు మూసేయమంటారు. ఈ సలహాలు చెడ్డవని ఎవరూ అనరు. కాని వీటన్నిటి వెనుకా ఒక ఊహ దాగి వున్నది. మూడు అంగళ్ళు తిరిగి, బేరమాడి, నచ్చిన సరుకు కొనుక్కున్నట్టు పనిచేసే మనిషి తన పనిచోటును తానే ఎంచుకుంటాడన్నదే ఆ ఊహ. ఇది చరిత్ర ముందు నిలుస్తుందా?

ఈ ప్రశ్నను మల్కాజ్‌గిరినుంచి చూడడం బాగుంటుంది. సికింద్రాబాదుకు ఈశాన్యంగా రైలు పట్టాల వెంట పెరిగిన పేట ఇది. ఇక్కడ ఒకే వీధిలో రైల్వేలో రిటైరైన తండ్రి, ఫ్యాక్టరీలో చేసి మానేసిన బాబాయి, సాఫ్టువేరు కంపెనీలో పనిచేసే కూతురు కనిపిస్తారు. ఒకే కుటుంబంలో రెండు తరాల పని చరిత్ర వున్నది. ఆ చరిత్రను చదవడం నేర్చుకుంటే నేటి సమస్యకు సగం సమాధానం దొరుకుతుంది.

నేను చెప్పదలచింది ఒక్కటే. పని ఇంట్లో చేస్తున్నామా ఆఫీసులో చేస్తున్నామా అన్నదానికంటే, పనిదినం ఎక్కడ ముగుస్తుందో నిర్ణయించే అధికారం ఎవరి చేతిలో వున్నదన్నది ముఖ్యం. ఆ అధికారం పనిచేసేవారి చేతిలో లేనప్పుడు ఇల్లు కూడా కార్ఖానా అవుతుంది. కొంతైనా వున్నప్పుడు కార్ఖానాలో పనిచేసేవాడు కూడా సాయంత్రానికి మనిషిగా ఇల్లు చేరగలుగుతాడు.

మగ్గం ఇంట్లోనే వుండేది

ఇంటినుంచి పనిచేయడాన్ని మన కాలపు వింతగా చెబుతున్నారు. మానవ చరిత్రలో ఎక్కువ భాగం పని ఇంట్లోనే, లేదా ఇంటిని ఆనుకునే జరిగింది. కుమ్మరి సారె, కంసాలి కుంపటి, సాలె మగ్గం ఇవన్నీ ఇంటి వస్తువులే. ఫ్యాక్టరీ వచ్చాకనే "ఇల్లు" వేరు, "పనిచోటు" వేరు అయినాయి.

ఎంగెల్స్ 1845లో ఇంగ్లండు కార్మికవర్గ పరిస్థితిని గురించి రాసిన గ్రంథాన్ని యంత్రాలకు ముందటి నేతగాళ్ళ కుటుంబ వర్ణనతో మొదలుపెట్టాడు. భార్యా కూతుళ్ళు నూలు వడికేవారు, తండ్రి నేసేవాడు. ఎప్పుడు మొదలుపెట్టాలో ఎప్పుడు ఆపాలో చాలావరకు వాళ్ళ ఇష్టం. అయితే ఎంగెల్స్ ఆ బతుకును చూసి మురిసిపోలేదు. ఆ నెమ్మదిలో బయటి ప్రపంచం ఎరగని మందకొడితనం కూడా వున్నదని గుర్తించాడు. మనం గమనించవలసింది ఏమంటే, ఆ నేతగాడికి వున్న కాస్త తీరిక అతని ఇంటి గోడలు ఇచ్చింది కాదు. మగ్గం అతనిది, కాస్త పొలం అతనిది, వేళ అతనిది. అందువల్ల వచ్చిన తీరిక అది.

వేళ చేయి జారిపోయినప్పుడు ఏం జరుగుతుందో మన కోస్తా నేతగాళ్ళ చరిత్ర చెబుతుంది. ఈస్టిండియా కంపెనీ రాజ్యాధికారం సంపాదించిన తరువాత నేతగాళ్ళకు ముందుగా డబ్బు ఇచ్చి, బట్ట మరెవరికీ అమ్మకుండా కట్టడి చేసింది. మగ్గం మీద వున్న పంచెకు కంపెనీ గుమాస్తా యజమాని అయినాడు. మగ్గం ఇంట్లోనే వున్నది, సాలె ఇల్లు కదలలేదు. కాని ఆ ఇంట్లో ఎంత పని జరగాలో, దానికి ఎంత ధర రావాలో నిర్ణయించేవాడు ఇంటి బయట వున్నాడు.

ఫ్యాక్టరీ వచ్చాక ఇంటిపని అంతరించిందనుకోవడం పొరపాటు. మార్క్సు 1867లో వెలువరించిన "పెట్టుబడి" మొదటి సంపుటంలో యంత్రాల గురించిన అధ్యాయంలో లండన్‌డెర్రీ పట్టణంలోని ఒక చొక్కాల ఫ్యాక్టరీని ఉదాహరణగా చూపాడు. ఫ్యాక్టరీ లోపల 1,000 మంది పనిచేస్తుంటే, పల్లెల్లో తమ ఇళ్ళలో కూర్చుని అదే ఫ్యాక్టరీకి కుట్టేవారు 9,000 మంది. ఇల్లు ఫ్యాక్టరీకి బయటి శాఖ అయింది. ఆ శాఖకు అద్దె లేదు, దీపం ఖర్చు లేదు, తనిఖీ అధికారి లేడు. పని తగ్గితే మూసివేయడానికి తలుపు కూడా వేయనక్కర లేదు. నేటి కంపెనీ తన ఉద్యోగిని ఇంటికి పంపినప్పుడు ఆదా అయ్యే అద్దెనూ కరెంటునూ లెక్కవేసేవారికి ఈ ఉదాహరణ కొత్తగా తోచదు.

ఒడిలో చాట

తెలంగాణాలో ఇంటినుంచి పనిచేసే అతి పెద్ద సమూహాలలో ఒకటి సాఫ్టువేరు ఉద్యోగులకంటే ఎన్నో దశాబ్దాల ముందునుంచీ వున్నది. నిజామాబాదు, కరీంనగర్ ప్రాంతాలలో బీడీలు చుట్టే స్త్రీలను గురించి చెబుతున్నాను. తునికాకు, తంబాకు, దారం ఇంటికి తెచ్చుకుని, ఆకు కత్తిరించి, ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చుట్టి, కట్టలు కట్టి అప్పగిస్తారు. కూలి వెయ్యి బీడీల లెక్కన. బాగోలేవని తీసి పక్కన పడేసిన బీడీలకు కూలి లేదు.

చాలాకాలం యజమానులు వినిపించిన వాదం ఇది: ఈమె మా కార్మికురాలు కాదు. తన ఇంట్లో, తనకు తీరిక వున్నప్పుడు, తన ఇష్టప్రకారం పనిచేసుకుంటున్నది. మేము ఆకు ఇస్తాము, బీడీలు తీసుకుంటాము, అంతే. "తన ఇష్టప్రకారం" అన్న మాటను పాఠకులు గుర్తుంచుకోవాలి. ఈనాడు "ఫ్లెక్సిబుల్" అన్న పేరుతో తిరుగుతున్నది ఆ మాటే.

ఆ వాదం చట్టం దగ్గర ఒక్కొక్క మెట్టూ ఓడిపోయింది. 1966లో పార్లమెంటు చేసిన బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఇంట్లో బీడీలు చుట్టేవారిని కూడా కార్మికులుగానే లెక్కించింది. యజమానులు దాన్ని సవాలు చేశారు. 1974లో సుప్రీంకోర్టు చట్టాన్ని నిలబెట్టింది. ప్రావిడెంట్ ఫండు విషయంలో మళ్ళీ అదే వాదం వచ్చింది. 1985లో సుప్రీంకోర్టు ఇంటిలో పనిచేసేవారికీ ఆ హక్కు వున్నదని చెప్పింది. అక్కడ న్యాయస్థానం పట్టుకున్న కీలకం ఆలోచించదగినది. పర్యవేక్షణ అంటే మనిషి నెత్తిన మేస్త్రీ నిలబడి వుండడమే కానక్కర లేదు. తయారైన సరుకును పరిశీలించి తిరస్కరించే అధికారం ఎవరికి వున్నదో, ఆ అధికారంలోనే పర్యవేక్షణ వున్నది.

1966 చట్టం 2020 నాటి కార్మిక కోడ్‌లో కలిసిపోయింది. ఆ కోడ్‌లు 2025 నవంబరు 21న అమలులోకి వచ్చాయి. అయినా ఆ పోరాటాల పాఠం పాతబడలేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో ఇంటి పనివారి విషయమై 177వ ఒడంబడికను ఆమోదించింది. ఇంట్లో పనిచేసేవారికి తక్కిన కార్మికులతో సమానమైన రక్షణ వుండాలన్నది దాని సారం. మన దేశం దాన్ని ఇంకా ధ్రువీకరించలేదు.

గేటు పక్క ఇల్లు

ఇక మల్కాజ్‌గిరికి వద్దాం. 1874లో వాడినుంచి సికింద్రాబాదుకు నిజాం రైలు వచ్చింది. 1893లో లాలాగూడలో రైల్వే వర్క్‌షాపు వెలిసింది. 1899-1901 మధ్య సికింద్రాబాదునుంచి మన్మాడ్‌కు గోదావరి లోయ రైలుమార్గం పడింది. మల్కాజ్‌గిరి స్టేషను ఆ మార్గంమీదే వున్నది. లాలాగూడ, మెట్టుగూడ, మౌలాలి ప్రాంతాలలో రైల్వే క్వార్టర్లు లేచాయి. నిజాం రైల్వే 1950లో భారత ప్రభుత్వ రైల్వేలలో కలిసింది. 1966 అక్టోబరు 2న సికింద్రాబాదు దక్షిణ మధ్య రైల్వేకు కేంద్రమయింది. 1967లో ఈసీఐఎల్ వచ్చిన తరువాత ఈ తూర్పు భాగమంతా పనిచోట్లకు దగ్గరగా బతికే ఉద్యోగుల ప్రాంతంగా పెరిగింది. సైకిలుమీద డ్యూటీకి పోయి, సైకిలుమీద తిరిగి వచ్చేవారి పేట ఇది.

వర్క్‌షాపు పని తేలిక కాదు. ఆ వేడి, ఆ మోత, ఆ ప్రమాదాలు తెలిసినవే. కాని దానికొక హద్దు వుండేది. పని గోడల మధ్య జరిగేది, గోడ దాటి కార్మికుని వెంట రాలేదు. సుత్తీ పట్టకారూ ఇంటికి తెచ్చుకుని రాత్రి పదింటికి ఇంకో బోల్టు బిగించమని ఎవరూ అడగలేదు. ఈ హద్దు యజమాని దయవల్ల వచ్చింది కాదు. 1911లో మన దేశపు ఫ్యాక్టరీ చట్టం మొదటిసారిగా వయోజన పురుషుల పనిని జౌళి మిల్లులలో రోజుకు 12 గంటలకు పరిమితం చేసింది. 1922లో అది 11 గంటలయింది, 1934లో 10, 1948లో 9. వారానికి 48 గంటలు హద్దు అయింది. ఈ అంకెల మధ్య గడిచిన ఒక్కొక్క దశాబ్దంలో ఎన్ని సమ్మెలు, ఎన్ని లాఠీ దెబ్బలు వున్నాయో కార్మికోద్యమ చరిత్ర చదివినవారికి చెప్పనక్కర లేదు.

అయితే రైల్వేలో అందరికీ ఈ హద్దు ఒకేలా లేదు. ఇక్కడే మన ప్రశ్నకు అతి దగ్గరైన ఉదాహరణ వున్నది. బ్రిటిషు ప్రభుత్వం 1930-31లో రైల్వే పనివేళల నిబంధనలు తెచ్చినప్పుడు ఉద్యోగులను తరగతులుగా విభజించింది. ఎడతెరిపి లేకుండా పనిచేసేవారికి వారానికి 60 గంటలు. మధ్య మధ్య పని ఆగే స్వభావంగల ఉద్యోగాలకు 84 గంటలు. రైలు వచ్చినప్పుడు గేటు వేసి, పోయాక తీసే గేటుమాన్‌వంటివారు ఈ రెండవ తరగతిలో పడ్డారు. 1947లో జస్టిస్ రాజాధ్యక్ష తీర్పు ఆ అంకెలను 54కూ, 75కూ తగ్గించింది. తగ్గించినా తేడా మిగిలింది.

గేటు దగ్గర కూర్చున్నవాడు పని చేస్తున్నట్టా, చేయనట్టా? ఈ ప్రశ్న మీదే ఆ తేడా అంతా ఆధారపడి వున్నది. రెండు రైళ్ళ మధ్య అతను కూర్చునే వుండవచ్చు. కాని సంతకు పోలేడు, బిడ్డను ఆస్పత్రికి తీసుకుపోలేడు, నిద్రపోలేడు. చెవి పట్టాలమీదే వుండాలి. ఎదురుచూడడమే అతని పని.

దీనికి మించిన సంగతి ఇంకొకటి వున్నది. 2005 నాటి రైల్వే ఉద్యోగుల పనివేళల నియమావళిలో ఈ తరగతి ఉద్యోగులకు వారానికి 48 గంటలు ప్రామాణికంగా పెట్టి, దానిమీద అదనపు గంటలు చేర్చారు. సాధారణంగా 12 గంటలు, మొత్తం 60. కాని చిన్న స్టేషన్లలో పనిచేస్తూ, పనిచోటుకు అర కిలోమీటరులోపు క్వార్టరు పొందినవారికి అదనం 24 గంటలు, మొత్తం 72. అంటే ఇల్లు దగ్గరగా వున్నందుకు వారానికి 12 గంటలు ఎక్కువ పని. దారిలో పోయే సమయం మిగిలింది గనుక, ఆ మిగులు ఉద్యోగిది కాదు, యాజమాన్యానిది అని ఆ నిబంధన నల్లని సిరాతో రాసిపెట్టింది. ఇంటినుంచి పనిచేసే సాఫ్టువేరు ఉద్యోగి విషయంలో కాగితంమీద లేకుండా అమలవుతున్న సూత్రం, గేటు పక్క ఇంట్లో వున్నవాని విషయంలో కాగితంమీదే అమలయింది.

రైలు నడిపేవారి పోరాటమూ గంటల పోరాటమే. 1973 ఆగస్టులో లోకో రన్నింగ్ సిబ్బంది సమ్మె చేసి పది గంటల డ్యూటీకి హామీ పొందారు. ఆ హామీ సరిగా అమలు కాకపోవడం 1974 మే 8నుంచి 27వరకు దేశమంతటా సాగిన మహా సమ్మెకు కారణాలలో ఒకటి. రన్నింగ్ సిబ్బందికి ఎనిమిది గంటల పని ఆనాటి కోర్కెలలో వున్నది. సుమారు 17 లక్షల మంది పాల్గొన్న ఆ సమ్మె అణచివేయబడింది. కాని "పనిలో వున్నాను" అనడానికి మొదలూ తుదీ ఎక్కడ అన్న ప్రశ్నను దేశం ముందు పెట్టింది.

పడమటి ఆఫీసులు

1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమయింది. అప్పటినుంచీ హైదరాబాదు పని పడమటికి నడిచింది. మల్కాజ్‌గిరి తూర్పున వుండిపోయింది. తండ్రి సైకిలుమీద పోయిన దూరానికి బదులు కూతురు ఇరవై కిలోమీటర్లకు పైగా నగరాన్ని అడ్డంగా దాటవలసి వచ్చింది.

రవాణా దాని వెనకే, ఎంతో ఆలస్యంగా కుంటుతూ వచ్చింది. ఎంఎంటీఎస్ రైళ్ళు 2003 ఆగస్టులో మొదలైనాయి, కాని మల్కాజ్‌గిరికి కాదు. మెట్రో రైలు 2017 నవంబరులో వచ్చింది, 2019లో హైటెక్ సిటీకీ రాయదుర్గానికీ చేరింది. మల్కాజ్‌గిరివారు మెట్టుగూడకో సికింద్రాబాదుకో పోయి దాన్ని ఎక్కాలి. మల్కాజ్‌గిరిమీదుగా మేడ్చల్‌కు ఎంఎంటీఎస్ 2023 ఏప్రిల్ 8న మొదలయింది. మౌలాలి-సనత్‌నగర్ మార్గంలో ఘట్‌కేసర్‌నుంచి లింగంపల్లికి రైలు 2024 మార్చి 5న కదిలింది. సైబర్ టవర్స్ తలుపులు తెరిచిన పాతికేళ్ళకు తూర్పునుంచి పడమటికి ఆ దారి తెరిచారన్నమాట.

ఒక చిన్న లెక్క వేద్దాం. రాకపోకలకు రోజుకు మూడు గంటలనుకుంటే, నెలకు 22 పనిదినాలకు 66 గంటలు. ఎనిమిది గంటల పనిదినాలు ఎనిమిదికి పైనే. ఈ గంటలకు జీతం లేదు. ఆఫీసుకు వెళ్ళి పనిచేయడమంటే ఈ ఎనిమిది దినాలను ప్రతి నెలా ఉచితంగా సమర్పించడమే. కనుక ఇంటినుంచి పనికోసం ఉద్యోగులు ఆరాటపడడాన్ని సోమరితనంగా కొట్టివేసేవారు ఈ 66 గంటలకు సమాధానం చెప్పాలి.

మరి 2020లో ఆ గంటలు మిగిలాయి కదా, అవి ఎవరికి చేరాయి? ఆ మార్చిలో లాక్‌డౌన్ రాగానే లక్షలాది ఉద్యోగులు కంప్యూటర్లతో ఇళ్ళకు చేరారు. అంతకుముందు కాల్ సెంటర్లవంటి సంస్థలు ఇంటినుంచి పని చేయించుకోవాలంటే టెలికం శాఖ షరతులు, పూచీకత్తు డిపాజిట్లు అడ్డం వుండేవి. 2020 మార్చిలో వాటిని సడలించారు, నవంబరులో చాలావరకు ఎత్తివేశారు. ప్రత్యేక ఆర్థిక మండళ్ళలోని కంపెనీలకు 2022 జులైలో 43-ఏ నిబంధన చేర్చి ఇంటినుంచి పనికి అనుమతిచ్చారు. గమనించండి, ఉద్యోగి ఎక్కడ కూర్చోవాలన్నది చివరికి పన్ను రాయితీల నిబంధనలో తేలింది. ఉద్యోగి సౌఖ్యం ఆ నిబంధనకు కారణం కాదు.

వెనక్కి పిలిచినప్పుడూ అంతే. దేశంలోని అతి పెద్ద సాఫ్టువేరు సంస్థ టీసీఎస్ 2025నాటికి ఏ సమయంలోనైనా తన ఉద్యోగులలో 25 శాతం మంది మాత్రమే ఆఫీసులో వుంటే చాలునని 2020లో ప్రకటించింది. 2023 అక్టోబరునుంచి వారానికి అయిదు రోజులూ ఆఫీసుకు రమ్మన్నది. ఆ నెలలోనే ఇన్ఫోసిస్ స్థాపకుడు నారాయణమూర్తి యువకులు వారానికి 70 గంటలు పనిచేయాలన్నాడు. 2025 జనవరిలో ఎల్ అండ్ టీ అధిపతి 90 గంటలు అన్నాడు. 1931 గేటుమాన్‌కు రాసిన 84 గంటలు ఈ రెండవ కోరికకు తక్కువేనన్నమాట.

చట్టం ఏం చేసింది? 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టంలో పనివేళలకు సంబంధించిన సెక్షన్లనుంచి సాఫ్టువేరు సంస్థలకు ప్రభుత్వాలు షరతులతో మినహాయింపులు ఇస్తూ వచ్చాయి. వారానికి 48 గంటల హద్దు షరతుల్లో వున్నది. కాని ఆ హద్దును ఇంటి భోజనాలబల్ల దగ్గర ఎవరు కొలుస్తారు? 2025 జులైలో తెలంగాణా ప్రభుత్వం వాణిజ్య సంస్థలలో రోజుకు పది గంటలదాకా పనికి అనుమతించింది. 48 గంటల వారం అలాగే వుంచి, దినాన్ని పొడిగించింది.

ఇళ్ళన్నీ ఒకటి కావు

నా దగ్గర చదువుకుని ఇప్పుడు సాఫ్టువేరు ఉద్యోగం చేస్తున్న ఒక అమ్మాయి వున్నది. ఆ అమ్మాయికి మల్కాజ్‌గిరిలో రెండు గదుల ఇల్లు. అత్తగారు మంచంలో వున్నారు, బాబు మూడో తరగతి. ఇంటినుంచి పని మొదలైనప్పుడు ఎంతో సంతోషించింది. ఏడాది గడిచాక నాతో అన్నది: "సార్, ఇదివరకు సాయంత్రానికి ఇంటికొచ్చేదాన్ని. ఇప్పుడు ఎక్కడినుంచి ఎక్కడికి రావాలి?" రాత్రి తొమ్మిదింటికి అమెరికావారితో మాట్లాడవలసిన పని, కుక్కర్ కూతల మధ్య ఇంకో పని. ఆమె చేసేది రెండు ఉద్యోగాలు. ఒకదానికి జీతం లేదు.

ఇది ఆమె ఒక్కతె కథ కాదు. 2024 జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం, ఇంటి చాకిరీ చేసే స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు జీతంలేని ఆ పనికి వెచ్చిస్తున్నారు. ఆ పనిలో చెయ్యి వేసే పురుషులు 88 నిమిషాలు. 2019లో ఇవే అంకెలు 299, 97. అయిదేళ్ళలో స్త్రీల భారం పది నిమిషాలు తగ్గితే, పురుషుల సాయం తొమ్మిది నిమిషాలు తగ్గింది! ఇల్లు ఎవరికి విశ్రాంతి స్థలమో, ఎవరికి రెండవ కార్ఖానాయో ఈ అంకెలు చెబుతాయి.

పరిశోధనలు కూడా "ఇల్లు" అన్న మాటకు ఒకే అర్థం లేదనే తేల్చాయి. చైనాలో సీట్రిప్ అనే సంస్థ కాల్ సెంటరు ఉద్యోగులపై జరిగిన ప్రయోగం 2015లో వెలువడింది. ఇంటినుంచి చేసినవారి పని 13 శాతం పెరిగిందని అందరూ చెబుతారు. అందులో సుమారు 9 శాతం ఎక్కువ నిమిషాలు పనిచేయడంవల్ల వచ్చిందని చాలామంది చెప్పరు. విరామాలు తగ్గాయి, జబ్బు సెలవులు తగ్గాయి. పనితీరుతో పోల్చి చూస్తే వారికి ప్రమోషన్లు కూడా తగ్గాయి. ప్రయోగం ముగిశాక సుమారు సగంమంది ఒంటరితనం భరించలేక ఆఫీసుకే వస్తామన్నారు. చెన్నైలో డేటా ఎంట్రీ పనివారిపై జరిగి 2023లో వెలువడిన పరిశోధనలో దీనికి విరుద్ధంగా, ఇంటినుంచి చేసినవారి ఉత్పత్తి 18 శాతం తక్కువగా తేలింది. పసిబిడ్డలున్న స్త్రీలకూ, పేద కుటుంబాలవారికీ పనిచోటును ఎంచుకునే వీలు మరీ తక్కువని అందులోనే బయటపడింది. 2024లో వెలువడిన మరొక పరిశోధన అదే చైనా సంస్థలో 1,612 మందిని పరిశీలించింది. వారానికి రెండు రోజులు ఇంటినుంచి చేసినవారిలో ఉద్యోగం మానేసేవారు మూడోవంతు తగ్గారు. పనితీరులోనూ ప్రమోషన్లలోనూ తేడా రాలేదు.

మన మిత్రులలో కొందరు అడగవచ్చు: మంచి జీతాలు తీసుకునే ఈ ఉద్యోగుల సమతూకం అభ్యుదయవాదులకు సమస్యా? కాలనీ ఊడ్చే పారిశుధ్య కార్మికురాలికి, నర్సుకు, రైల్వే ట్రాక్‌మాన్‌కు ఇంటినుంచి పని అనే మాటే లేదు కదా? ఈ ప్రశ్న న్యాయమైనది. 2020లో ఆఫీసులు ఖాళీ అయినప్పుడు క్యాబు డ్రైవరు, క్యాంటీను పనివాడు, బండిమీద ఇడ్లీ అమ్మే ఆమె ఏమైనారో చర్చలో ఎవరూ అడగలేదు. ఎంపిక అనేదే కొందరికి దక్కే సొత్తు అయింది.

కాని ఆ ప్రశ్ననుంచి రావలసిన నిర్ణయం ఉదాసీనత కాదు. ఆఫీసు ఉద్యోగి పనిదినానికి హద్దు చెరిగిపోతే, ఆ చెరుపు అక్కడ ఆగదు. ఆమె రాత్రి పదకొండుకు పని ముగిస్తే, ఆమెకు అన్నం తెచ్చే కుర్రవాడు పదకొండుకు రోడ్డుమీద వుంటాడు. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేయడంవల్ల పక్షవాతంతోనూ గుండెజబ్బుతోనూ 2016లో ప్రపంచంలో 7,45,000 మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో అంచనా వేశాయి. గుండె జీతం చూసి ఆగదు.

ఏది ఎంచుకోవాలి?

ఇంత చెప్పి సూటి ప్రశ్నకు జవాబు తప్పించుకోవడం మర్యాద కాదు. మల్కాజ్‌గిరివంటి చోటనుంచి పనిచేసేవారికి, ఇప్పుడున్న దూరాలలో, ఇప్పుడున్న ఇళ్ళలో, కొన్ని రోజులు ఇల్లు, కొన్ని రోజులు ఆఫీసు అన్న పద్ధతే మూడింటిలో మేలైనదని నా అభిప్రాయం. పూర్తిగా ఆఫీసు అయితే నెలకు ఎనిమిది దినాలు రోడ్డు తింటుంది. పూర్తిగా ఇల్లు అయితే తోటివారితో సంబంధం తెగుతుంది. తోటి పనివారిని చూడనివాడు తన కష్టం తన ఒక్కడిదే అనుకుంటాడు. సంఘం పెట్టుకోవడానికి మొదట టీ బల్ల దగ్గర కలవాలి. బీడీ కార్మికుల సంఘాలు కట్టినవారు ఇంటింటికీ తిరిగి ఎంత శ్రమపడ్డారో గుర్తు చేసుకుంటే ఈ మాట విలువ తెలుస్తుంది.

అయితే కొన్ని షరతులు లేని హైబ్రిడ్ ఒట్టి పేరే. ఏయే రోజులు ఎక్కడ అన్నది టీం లీడరు సోమవారం ఉదయం పంపే సందేశంలో కాక, రాతపూర్వకమైన ఒప్పందంలో వుండాలి. ఇంటి కరెంటు, ఇంటర్నెట్, కుర్చీ ఖర్చులు కంపెనీ భరించాలి. ఇంటినుంచి చేసినవారికి ప్రమోషన్ తగ్గరాదు. అన్నిటికంటే ముఖ్యం, వేళ ముగిశాక ఫోను ఎత్తకపోవడం తప్పు కారాదు. ఫ్రాన్సు 2017నుంచి, ఆస్ట్రేలియా 2024 ఆగస్టునుంచి ఈ హక్కును చట్టంలో పెట్టాయి. పోర్చుగల్ 2021లో, వేళ కాని వేళ ఉద్యోగిని సంప్రదించరాదని యజమానినే కట్టడి చేసింది. మన లోక్‌సభలో 2018లో ఒక సభ్యురాలు ఇలాంటి ప్రైవేటు బిల్లు పెట్టారు. అది చట్టం కాలేదు.

ఇంట్లో మరో ఒప్పందమూ కావాలి. 289 నిమిషాలకూ 88 నిమిషాలకూ మధ్య తేడా ఏ కంపెనీ విధానమూ పూడ్చదు. ఉపన్యాసాలలో సమానత్వం చెప్పి, ఇంటికి వచ్చి కంచం ముందు కూర్చునే మనం పూడ్చాలి.

సఫిల్‌గూడ గేటు దగ్గర ఆగినప్పుడల్లా నాకు ఆ అర కిలోమీటరు నిబంధన గుర్తుకు వస్తుంది. ఇల్లు దగ్గరయింది గనుక ఇంకో 12 గంటలు ఇమ్మని అడిగిన నిబంధన అది. ఇంటినుంచి పనిచేసేవారికి ఆ దూరం ఇప్పుడు మంచానికీ బల్లకూ మధ్య నాలుగడుగులు అయింది. మిగిలిన దారి సమయం ఎవరిదన్న ప్రశ్న మాత్రం అలాగే వున్నది. దానికి జవాబు ఒంటరిగా ఎవరూ సంపాదించలేరు. లాలాగూడ వర్క్‌షాపువారూ, బీడీ చుట్టే తల్లులూ కలిసి అడిగే సంపాదించుకున్నారు. వారి బిడ్డలు కంప్యూటరు ముందు కూర్చున్నంత మాత్రాన ఆ పద్ధతి మారదు.